అక్కా, చెల్లెలా, అసలు తోబుట్టువేనా? తోబుట్టువుల వివాహాల గురించి చదివే, రాసే పద్ధతి

"టోలెమీ తన చెల్లెలు ఆర్సినోయిని పెళ్లి చేసుకున్నాడు." పదకొండేళ్ల క్రితం నేను అనువదించిన ఒక చరిత్ర పుస్తకంలో ఈ వాక్యం అచ్చయింది. అది తప్పు. టోలెమీ ప్రాచీన ఈజిప్టును ఏలిన గ్రీకు వంశపు రాజు. ఆర్సినోయి అతనికి అక్క. దాదాపు ఎనిమిదేళ్లు పెద్దది. మూలంలోని ఇంగ్లీషు మాటకు పెద్ద, చిన్న తేడా లేదు. తెలుగులో ఆ తేడా తేల్చకుండా వాక్యం ముందుకు కదలదు. పెళ్లి అనగానే వరుడు పెద్దవాడు, వధువు చిన్నది అని నా మనసు తనంతట తానే అనుకుంది, నా చెయ్యి చెల్లెలు అని రాసేసింది. కొన్ని నెలలకు ఒక పాఠకురాలి నుంచి పోస్టుకార్డు వచ్చింది. "వాళ్లు పుట్టిన సంవత్సరాలు మీరే ముందు పేజీలో ఇచ్చారు. ఒకసారి చూసుకోండి" అని రెండే వాక్యాలు.

ఆ రోజు మొదలుపెట్టిన నోటుపుస్తకం ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. పురాణంలోనో చరిత్రలోనో తోబుట్టువులు పెళ్లి చేసుకున్నారని ఎక్కడ చదివినా అందులో ఒక పేజీ కేటాయిస్తాను. కొన్ని ప్రశ్నలు వేసుకుని, వాటికి జవాబు దొరికినంతవరకే వాక్యం రాస్తాను. ఈ విషయం మీద వ్యాసం రాయాలనుకునేవారికి, అనువాదం చేసేవారికి, లేదా చదివిన దాన్ని నమ్మాలో లేదో తేల్చుకోవాలనుకునేవారికి ఆ ప్రశ్నలు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందు వరుస తేల్చండి

ఎవరు ముందు పుట్టారు? తెలుగు మనల్ని బలవంతంగా అడిగించే ఈ ప్రశ్న నిజంగా గొప్ప సాధనం. ఆర్సినోయిని అక్క అని దిద్దుకోగానే నాకు కథ మొత్తం వేరుగా కనిపించింది. చెల్లెలు అన్నప్పుడు, అన్న నిర్ణయానికి తలవంచిన చిన్నపిల్ల కళ్లముందు నిలిచింది. అక్క అన్నప్పుడు, నలభై ఏళ్లకు చేరువలో ఉన్న ఒక మాజీ రాణి కనిపించింది. పదహారేళ్ల ప్రాయంలో ఆమెను ముసలి రాజు లైసిమాకస్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. అతను యుద్ధంలో చనిపోయాక, తల్లి వేరైన సోదరుడు టోలెమీ కెరానోస్ ఆమెను పెళ్లాడి, ఆమె చిన్న కొడుకులిద్దరినీ చంపించాడు. ఆమె పారిపోయి ఈజిప్టుకు, పుట్టింటికి చేరింది. క్రీ.పూ. 270ల దశకంలో సొంత తమ్ముడు రెండో టోలెమీని పెళ్లాడి మళ్లీ రాణి అయింది. ఆమెకున్న అనుభవం, పలుకుబడి, ఆమె మీద జరిగిన ఘోరం, ఇవన్నీ ఆ పెళ్లి వెనుక ఉన్నాయి. ఒక్క వరుస మాట తప్పు రాస్తే ఇవన్నీ మాయమైపోతాయి.

అందుకే నా పేజీలో మొదటి గడి ఇదే. ఈజిప్టు దేవతలు ఒసైరిస్, ఐసిస్‌లు: ఏడాది చివర అదనంగా చేర్చిన ఐదు రోజుల్లో మొదటి రోజు ఒసైరిస్, నాలుగో రోజు ఐసిస్ పుట్టారని గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పాడు కాబట్టి ఆమె చెల్లెలు. గ్రీకు దేవతల రాజు జ్యూస్ భార్య హేరా: కవి హెసియోడ్ ప్రకారం జ్యూస్ తోబుట్టువులందరికంటే చిన్నవాడు, కాబట్టి అక్క. కానీ హోమర్ దగ్గరికి వస్తే జ్యూస్ తన సోదరుడు పొసైడన్ కంటే పెద్దవాడు. కాబట్టి ఏ కవిని ఆధారం చేసుకున్నారో చెప్పకుండా ఇక్కడ వరుస మాట వాడకండి. ఏడో క్లియోపాత్రా తన భర్తలుగా ప్రకటించిన ఇద్దరు టోలెమీలకూ అక్కే. యముడు, యమి కవలలు. వాళ్లకు అక్క, చెల్లెలు రెండూ వద్దు, కవల సోదరి అంటే చాలు. పుట్టిన క్రమం దొరకని సందర్భాల్లో "తోబుట్టువు" అన్న మాట మనకు ఉండనే ఉంది. తోడ పుట్టినవారు. పెద్దా చిన్నా అడగని మాట, ఆడా మగా తేడా చూపని మాట. నేటి టర్కీలోని కేరియా పాలకుడు మౌసోలస్, అతని భార్య ఆర్టిమీసియా సొంత తోబుట్టువులు. క్రీ.పూ. 353లో అతను మరణించాక ఆమె కట్టించిన సమాధి పేరే ఐరోపా భాషల్లో గొప్ప సమాధులన్నిటికీ పేరయింది. వాళ్లలో ఎవరు పెద్దో నాకు దొరకలేదు. తోబుట్టువులు అనే రాశాను.

ఆ మాటకు అర్థం పుట్టుకేనా?

రెండో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. ఎక్కువ మంది దీన్ని దాటవేస్తారు. మూలంలో "సోదరి" అని ఉంటే ఒకే తల్లిదండ్రులకు పుట్టినదనే అర్థమా? మన భాషనే చూడండి. పెదనాన్న కూతురు అక్కే, పిన్ని కొడుకు తమ్ముడే. దారిలో ఎదురైన కొత్తవాణ్ణి కూడా అన్నా అని పిలుస్తాం. వెయ్యేళ్ల తరువాత ఎవరో మన ఉత్తరాలు తవ్వి తీసి, ఒక మనిషికి నాలుగు వందల మంది అన్నలు ఉన్నారని రాస్తే ఎలా ఉంటుందో, పాత భాషల విషయంలో మనం చేస్తున్నది చాలాసార్లు అదే.

ప్రాచీన ఈజిప్టు భాషలో "సెనెత్" అంటే సోదరి. పద్దెనిమిదో రాజవంశం నడుమ నుంచి ఆ మాటనే భార్యకూ వాడటం మొదలైంది. ప్రేమగీతాల్లో ప్రియుడు ప్రియురాలిని సెనెత్ అనే పిలుస్తాడు, ఆమె అతన్ని సోదరా అంటుంది. వాళ్లు తోబుట్టువులు కారు. ఆమె ఇల్లు వేరు, అతని ఇల్లు వేరు, చూడటానికే తపించిపోతుంటారు. ఈ ఒక్క మాట వల్ల ఈజిప్టులో అందరూ తోబుట్టువులనే పెళ్లాడేవారన్న అపోహ చాలాకాలం నడిచింది. 1954లో యారోస్లావ్ చెర్నీ అనే ఈజిప్టు నిపుణుడు ఫారోల కాలపు సామాన్య ప్రజల వివాహాలు సుమారు 490 పరిశీలించాడు. మాట మీద ఆధారపడకుండా, భార్యాభర్తల తల్లిదండ్రుల పేర్లు పక్కపక్కన పెట్టి పోల్చాడు. తోబుట్టువుల పెళ్లి అని అనుమానించదగ్గవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే తేలాయి. ఆ పద్ధతి ఎంత సరళమైనదో గమనించండి. పిలుపును పక్కనపెట్టు, తల్లి పేరు చూడు, తండ్రి పేరు చూడు. నా నోటుపుస్తకంలో రెండో, మూడో గడులు అవే.

పాత జపనీయంలో "ఇమో" అంటే సోదరి. ఎనిమిదో శతాబ్దపు మన్యోషు కవితల్లో అదే మాట ప్రియురాలికి, భార్యకు పిలుపు. అనువాదకులు అక్కడ తడబడితే గొప్ప ప్రేమకవిత కాస్తా వికారంగా మారుతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ బెరెనికె. క్రీ.పూ. 238 నాటి కనోపస్ శాసనంలో మూడో టోలెమీ, "అతని సోదరి, భార్య అయిన బెరెనికె రాణి" అని స్పష్టంగా రాతి మీద చెక్కి ఉంది. అంతకంటే బలమైన సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ బెరెనికె సైరీని పాలకుడు మాగస్ కూతురు. రాజుకు దగ్గరి బంధువే గాని, తోడబుట్టినది కాదు. అంతకుముందు తరంలో రెండో టోలెమీ, ఆర్సినోయిల జంటను "తోబుట్టువు దేవతలు" అని పూజించారు కాబట్టి, తరువాతి రాణికి సోదరి అన్నది ఒక బిరుదై కూర్చుంది. అబద్ధం చెప్పాలని కాదు. రాణి అంటే రాజుకు సోదరి అయి ఉండాలన్న భావన అంత బలపడింది. రాతి మీద ఉన్న మాటను కూడా ప్రశ్నించాలని నాకు నేర్పింది ఈ శాసనమే.

తల్లి ఒక్కరా, తండ్రి ఒక్కరా?

పూర్తి తోబుట్టువులకు, ఒక్క తల్లో ఒక్క తండ్రో మాత్రమే ఉమ్మడి అయినవారికి మధ్య చాలా సమాజాలు గట్టి గీత గీశాయి. మనం దాన్ని చెరిపి "సోదరి" అని ఒకే గంపలో వేయకూడదు. ఏథెన్స్‌లో తండ్రి ఒక్కడై తల్లులు వేరైతే పెళ్లి చెల్లేది. ఒకే తల్లి బిడ్డలైతే చెల్లదు. అక్కడి నాయకుడు థెమిస్టోక్లీస్ కొడుకు ఆర్కెప్టొలిస్ తల్లి వేరైన తోబుట్టువు మ్నెసిప్టొలెమాను పెళ్లాడినట్టు ప్లూటార్క్ రాశాడు. స్పార్టాలో నియమం సరిగ్గా తిరగబడి ఉండేదని అలెగ్జాండ్రియా వాసి ఫైలో అన్నాడు. ఆ మాట ఒక్క ఫైలో చెప్పిందే కాబట్టి, నేను దాన్ని ఎప్పుడు వాడినా అతని పేరు పక్కన పెట్టే రాస్తాను.

బైబిల్ ఆదికాండంలో అబ్రహాము శారాను గురించి చెప్పుకున్న సమర్థన కూడా ఇదే: ఆమె నా తండ్రి కూతురు, నా తల్లి కూతురు కాదు. అదే గ్రంథంలో లేవీయకాండం వచ్చేసరికి తండ్రి కూతురైనా తల్లి కూతురైనా నిషిద్ధమే. జపాన్ రాజకుటుంబంలో తల్లులు వేరైతే అభ్యంతరం లేదు. సుయికో మహారాణి తన భర్త బిదత్సు చక్రవర్తికి తల్లి వేరైన చెల్లెలు. కానీ ఒకే తల్లి బిడ్డలైన కారు అనే యువరాజు, అతని చెల్లెలు ప్రేమించుకున్నప్పుడు ఏమైందో జపాన్ పురాణ చరిత్ర గ్రంథం కొజికి చెబుతుంది. ప్రజలు, అధికారులు అతనికి దూరమయ్యారు, సింహాసనం పోయింది, ఇయో ప్రాంతానికి ప్రవాసం పంపారు. ఆమె అతన్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఇద్దరూ అక్కడే ప్రాణాలు తీసుకున్నారు. ఒకే సమాజం, ఒక తల్లి తేడా.

ఎవరు చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు?

పొరుగువాళ్లను హీనంగా చూపాలంటే వాళ్ల పెళ్లిళ్ల గురించి మాట్లాడటం అన్ని కాలాల్లోనూ ఉంది. కాబట్టి శత్రువు చెప్పినదా, వారసుడు చెప్పినదా, బయటివాడు చెప్పినదా అన్నది విడిగా రాసుకోండి.

పారశీక రాజు కాంబిసెస్ తన సోదరిని పెళ్లాడాలనుకుని రాజ న్యాయమూర్తులను పిలిచి అలాంటి చట్టం ఉందా అని అడిగాడని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. సోదరిని పెళ్లాడమనే చట్టం మాకు కనబడలేదు, కానీ పారశీకుల రాజు తనకిష్టమైనది చేయవచ్చన్న చట్టం మాత్రం కనబడింది, అన్నారట వాళ్లు. ప్రాణాలు దక్కించుకునే జవాబు. హెరోడోటస్ కాంబిసెస్‌ను పిచ్చివాడిగా చూపే అధ్యాయాల్లో ఈ కథ వస్తుంది. కాబట్టి దీనితో పారశీకులందరి ఆచారం తేల్చలేం. కథ ప్రకారమే చూసినా అది ఆనవాయితీ కాదు, రాజు కొత్తగా చేసిన పని. దానికి భిన్నంగా క్రీ.శ. మూడో శతాబ్దంలో జొరాస్ట్రియన్ పూజారి కిర్దీర్ తన శాసనంలో, దగ్గరి రక్తసంబంధుల మధ్య ఎన్నో వివాహాలు జరిపించానని పుణ్యకార్యంగా చెప్పుకున్నాడు. ఇది తన గురించి తాను గర్వంగా చెప్పిన మాట. రెండూ పర్షియా గురించే, కానీ రెండు సాక్ష్యాలకూ బరువు ఒకటి కాదు. మధ్య ఏడు వందల ఏళ్ల దూరం కూడా ఉంది.

దక్షిణ అమెరికాను ఏలిన ఇంకా వంశపు రాజుల విషయంలో వారసుల మాటనూ అనుమానించాలి. మొట్టమొదటి ఇంకా మాంకో కపాక్ నుంచి రాజులంతా సొంత తోబుట్టువులనే పెళ్లాడారని, తల్లి వైపు ఇంకా రాజవంశీయుడైన గార్సిలాసో 1609లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. కానీ స్పానిష్ రచయిత అకోస్టా దాన్ని మొదలుపెట్టింది తూపాక్ ఇంకా యుపాంకి అంటాడు. అంటే స్పెయిన్ వాళ్లు రావడానికి రెండు మూడు తరాల ముందు మాత్రమే. కొత్త ఆచారానికి పాత పుట్టుక అంటగట్టడం రాజవంశాలకు సహజం కాబట్టి నేను రెండో మాట వైపే మొగ్గుతాను.

రెండో టోలెమీ పెళ్లికీ రెండు రకాల సాక్షులు ఉన్నారు. ఆస్థాన కవి థియోక్రిటస్ ఆ జంటను జ్యూస్, హేరాలతో పోల్చి పొగిడాడు. సోటడీస్ అనే మరో కవి ఆ పెళ్లి మీద బూతు పద్యం చెప్పాడు. అతను చెరసాలలో ఏళ్ల తరబడి మగ్గాడని ఒకచోట, సీసపు పాత్రలో పెట్టి సముద్రంలో ముంచేశారని మరోచోట ఉంది. గ్రీకులకు అది ఎంత ఎబ్బెట్టుగా తోచిందో, దాన్ని ఒప్పించడానికి రాజు ఎంత దూరం వెళ్లాడో తెలియాలంటే ఈ ఇద్దరు కవులనూ కలిపి చదవాలి. దేవతలతో పోలిక ఊరికే రాలేదు.

పురాణాన్ని పురాణంగా చదవండి

పురాణంలో తోబుట్టువుల జంట కనబడితే, ఆ ప్రజలు అలాగే పెళ్లాడేవారని వెంటనే తేల్చేయడం పెద్ద పొరపాటు. సృష్టి మొదట్లో ఇద్దరే ఉంటారు. మూడో మనిషి లేడు. కథకు వేరే దారి లేదు. ఈజిప్టులో షు-తెఫ్నుత్, గెబ్-నూత్, జపాన్‌లో ఇజనాగి-ఇజనామి, గ్రీసులో క్రోనస్-రియా, ఇలా అన్నీ మొదటి తరాల జంటలే. ఆదాము కొడుకు కయీనుకు భార్య ఎక్కడిది అన్న ప్రశ్నకు ప్రాచీన యూదు రచన జూబిలీల గ్రంథం ఆవాన్ అనే సోదరిని చూపించింది కూడా ఆ లెక్కకు జవాబుగానే. ఇక్కడ మీరు చూడవలసింది ఒకటే: కథ ఆ పెళ్లి దగ్గర ఇబ్బంది పడుతోందా, లేదా?

చైనా కథ ఇబ్బంది పడుతుంది. కున్లున్ పర్వతం మీద మిగిలిన అన్నాచెల్లెళ్లు పెళ్లి చేసుకోవాలనుకుని సిగ్గుపడి ఆకాశాన్ని అడుగుతారు: మేం కలవడం నీకు సమ్మతమైతే పొగలు కలవాలి, కాకపోతే చెదిరిపోవాలి. పొగలు కలుస్తాయి. చెల్లెలు గడ్డితో విసనకర్ర అల్లి ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. ఈ జంటను న్యూవా, ఫూషీలుగా చెబుతారు. దక్షిణ చైనాలోని మియావ్, యావ్ ప్రజల ప్రళయ కథల్లో పొగకు బదులు తిరగలి రాళ్లు వస్తాయి. రెండు కొండల మీది నుంచి రెండు రాళ్లు దొర్లిస్తే కింద ఒకదానిపై ఒకటి అమరాలి. ఆకాశం అనుమతి అడగవలసి వచ్చిందంటే ఆ కథ చెప్పుకునే మనుషుల్లో నిషేధం ఎంత గట్టిదో అర్థమవుతుంది. ఆ విసనకర్ర దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. లోకంలో చూసేవాళ్లు ఎవరూ లేరు, అయినా ఆమె ముఖం దాచుకుంది.

ఋగ్వేదం పదో మండలం పదో సూక్తంలో పద్నాలుగు ఋక్కుల సంభాషణ ఉంది. యమి అడుగుతుంది, యముడు కాదంటాడు. ఆమె వాదనలు తేలికైనవి కావు. గర్భంలోనే సృష్టికర్త మనల్ని దంపతులుగా చేశాడు అంటుంది. అతను దేవతల గూఢచారులు ఎక్కడా ఆగరు, కన్ను మూయరు అంటాడు, ఇంకొకరిని వెతుక్కో అంటాడు. ఈ సూక్తాన్ని "వేదకాలంలో తోబుట్టువుల పెళ్లి ఉండేది" అనడానికి సాక్ష్యంగా చూపిన వ్యాసాలు నేను చదివాను. ఉన్నది ఉన్నట్టు చదివితే అది తిరస్కారం.

ఇజనాగి, ఇజనామిల మొదటి బిడ్డ ఎముకల్లేని జలగ బిడ్డగా పుడితే రెల్లు పడవలో వదిలేస్తారు. ఇది తోబుట్టువుల కలయికకు శిక్ష అని చాలామంది రాస్తారు. కొజికి చెప్పిన కారణం వేరు: పెళ్లి తంతులో ఆడది ముందు మాట్లాడింది. కథ చెప్పిన కారణాన్ని తోసేసి మన కారణం పెట్టాలనుకుంటే, అది మన వ్యాఖ్య అని చెప్పి పెట్టాలి.

దశరథ జాతకం దగ్గర మరింత ఓపిక కావాలి. పాలి జాతక కథల్లో 461వది. రాజధాని వారణాసి, వనవాసం హిమాలయాల్లో, రావణుడు లేడు. రాముడు, లక్ష్మణుడు, సీత ఒకే తల్లి పిల్లలు. సీత చిన్నది, అంటే చెల్లెలు. రాముడు తిరిగి వచ్చాక ఆమెను పట్టపురాణిని చేస్తారు. ఈ ఒక్క ముక్క పట్టుకుని గొడవ పడేవారు కథ ఎందుకు చెప్పారో చూడరు. తండ్రి పోయిన దుఃఖంలో పనులు మానేసిన ఒక గృహస్థుకు బుద్ధుడు చెప్పిన కథ అది. తండ్రి మరణవార్త విని లక్ష్మణుడు, సీత స్పృహ తప్పుతారు, రాముడు కన్నీరు పెట్టడు. కథకు గుండె అక్కడ ఉంది. సింహాసనం మీద ఉంచిన రాముడి పాదుకలు తప్పు తీర్పు చెబితే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అలాంటి కథ.

తోబుట్టువుల పెళ్లి అందులోకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే శాక్యుల పుట్టుక కథ పక్కన పెట్టుకోండి. బౌద్ధ గ్రంథం దీఘనికాయంలోని అంబట్ఠ సుత్తంలో ఒక్కాక రాజు వెళ్లగొట్టిన కొడుకులు హిమాలయ సానువుల్లో ఉండి, వంశం కలుషితం కాకూడదని తమ అక్కచెల్లెళ్లనే పెళ్లాడతారు. తండ్రి విని వాళ్లు సమర్థులని మెచ్చుకుంటాడు. బుద్ధుడు ఈ కథను తన వంశ గౌరవంగా చెబుతాడు. అదే విషయాన్ని నీళ్ల తగాదాలో పొరుగువారైన కోలియులు శాక్యులను తిట్టడానికి వాడతారు, కుక్కల్లా నక్కల్లా సొంత అక్కచెల్లెళ్లతో కాపురం చేసినవాళ్లని. సింహళ మహావంసంలోనూ ఆ జాతి మూలపురుషుడు విజయుడి తల్లిదండ్రులు సింహబాహు, సింహసీవలి తోబుట్టువులే. ఇది వంశం పుట్టుక చెప్పే కథల్లో తిరిగే ఒక మూస. అది తగిలినప్పుడు "ఆచారం" అని కాక "వంశోత్పత్తి కథ" అని నా పేజీ మీద రాసుకుంటాను.

రాజులా, సామాన్యులా?

చాలా దేశాల్లో ఈ పెళ్లిళ్లు సింహాసనం చుట్టూనే కనబడతాయి, కిందివారికి నిషిద్ధం. ఒక్క చోట మాత్రం లెక్క తలకిందులైంది. అదీ ఈజిప్టులోనే, కాని ఫారోల కాలంలో కాదు, రోమన్ల పాలనలో.

రోమన్ ప్రభుత్వం అక్కడ పద్నాలుగేళ్లకోసారి జనాభా లెక్కలు తీసేది. ఇంటి యజమాని కుటుంబంలో ఎవరెవరున్నారో, వయసెంతో పపైరస్ మీద రాసి ఇచ్చేవాడు. క్రీ.శ. మొదటి మూడు శతాబ్దాలకు చెందిన సుమారు 300 పత్రాలు దొరికాయి. వాటిలో నమోదైన పెళ్లిళ్లలో ఇంచుమించు ఆరింట ఒకటి తోబుట్టువుల పెళ్లి. రైతులు, చేతివృత్తులవారు, మామూలు మనుషులు. పిలుపుతో వచ్చే చిక్కు ఇక్కడ లేదు. "ఒకే తండ్రికి, ఒకే తల్లికి పుట్టిన సోదరి, భార్య" అని పత్రం విడమర్చి చెబుతుంది. ఆక్సిరింకస్‌లో దొరికిన ఒక పిలుపు చీటీలో హెరాయిస్ అనే తల్లి "నా పిల్లల పెళ్లికి రేపు, అయిదో తేదీ, తొమ్మిదో గంటకు మా ఇంటికి భోజనానికి రండి" అని రాసింది. పిల్లలు ఒకరినొకరు చేసుకుంటున్నారా, ఇద్దరికీ వేర్వేరు పెళ్లిళ్లు ఒకే రోజునా అన్నది ఆ చీటీ చెప్పదు. అందుకే దాన్ని నేను రుజువుగా లెక్కించను. కాని ఆ చీటీ అంటే నాకు ప్రాణం. అంత నిశ్చింతగా భోజనానికి పిలిచే తల్లి గొంతు అందులో ఉంది.

1980లో చరిత్రకారుడు కీత్ హాప్కిన్స్ ఈ పత్రాల మీద రాసిన వ్యాసం పెద్ద చర్చ లేపింది. ఆస్తి చీలకుండా ఉండటానికి అన్న జవాబు అతనికి తృప్తినివ్వలేదు, నాకూ ఇవ్వదు. ఆస్తి చీలిపోయే బాధ లోకమంతా ఉంది, ఈ పరిష్కారం మాత్రం అక్కడే కనబడింది. 2007లో సబీనా హ్యూబ్నర్ మరో దారి చూపింది: వీళ్లు దత్తత అల్లుళ్లు అయి ఉండవచ్చు, కూతురిని చేసుకోవడానికి ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి కొడుకుగా నమోదు చేసి ఉండవచ్చు. మరుసటి ఏడే సోఫీ రెమైసెన్, విల్లీ క్లారిస్ దానికి జవాబిచ్చారు. ఆ కుర్రాళ్లకు తాతల పేర్లు ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారమే ఉన్నాయి. బయటి నుంచి తెచ్చుకున్నవాడికి పుట్టినప్పుడే ఆ ఇంటి తాత పేరు ఎలా వస్తుంది? నాకు ఈ వాదనే బలంగా కనబడుతుంది. మీరు రాసేటప్పుడు మూడు పక్షాలనూ చెప్పి, మీ మొగ్గు ఎటో కూడా చెప్పండి.

రోమన్ పౌరులకు మాత్రం ఇది నేరం. ఈజిప్టులోని రాజస్వ అధికారుల నియమావళిలో రోమన్లు సోదరీమణులను పెళ్లాడరాదని ఉంది. అలా చేసిన జంట ఆస్తిని జప్తు చేసిన సంగతీ ఉంది. క్రీ.శ. 212లో సామ్రాజ్యంలో బానిసలు కాని దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చాక ఆ నిషేధం అందరికీ వర్తించింది. వరమనుకున్న పౌరసత్వం కొన్ని ఇళ్లలో పెళ్లిని చట్టవిరుద్ధం చేసింది.

ఎముకలు చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు డీఎన్ఏ పరీక్షలు వచ్చాయి. వాటికీ అదే క్రమశిక్షణ కావాలి. 2010లో ప్రచురితమైన పరీక్షలు టుటన్‌ఖామున్ తల్లిదండ్రులు సొంత తోబుట్టువులని చెప్పాయి. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ సమాధిలో అయిదు వేల ఏళ్ల కిందటి ఒక మగవాడి తల్లిదండ్రులు అత్యంత సమీప రక్తసంబంధులని 2020లో తేలింది. ఇక్కడ ఆగండి. ఆ ఫలితం తోబుట్టువులకూ సరిపోతుంది, తల్లి లేదా తండ్రి, బిడ్డ అన్న జంటకూ సరిపోతుంది. రెంటిలో ఏది నిజమో పరీక్ష చెప్పలేదు. అది పెళ్లో, బలవంతమో, ఆచారమో, రహస్యమో కూడా ఎముక చెప్పదు. "తోబుట్టువులను పెళ్లాడే ఐర్లండ్ దైవరాజులు" అని శీర్షిక పెట్టాలన్న కోరికను అణచుకోండి.

పిల్లల ఆరోగ్యం గురించి రాయవలసి వస్తే ఒక సంఖ్య గుర్తుంచుకుంటే చాలు. సొంత తోబుట్టువుల బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. తోబుట్టువుల పిల్లలు పెళ్లాడితే వాళ్ల బిడ్డలో అది పదహారింట ఒకటి. దాగి ఉన్న లోపాలు బయటపడే ముప్పు అందుకే పెరుగుతుంది. 1700లో సంతానం లేకుండా మరణించిన స్పెయిన్ రాజు రెండో చార్లెస్ విషయంలో ఈ లెక్క నాలుగింట ఒకటికి చేరింది. అతని తల్లిదండ్రులు తోబుట్టువులు కారు. తరతరాలుగా మేనమామలు, దగ్గరి బంధువులు పెళ్లాడుతూ రావడం వల్ల ఆ స్థితి వచ్చింది.

చివరిగా, రాసే తీరు

ఈ విషయం మీద రాసేటప్పుడు ఏవగింపు చూపే విశేషణాలు వద్దు, రాజరికపు మెరుగులూ వద్దు. ఆ పేజీలో ఉన్నది ఒక మనిషి అని గుర్తుంచుకుంటే భాష దానంతటదే సర్దుకుంటుంది. నేను ఎప్పుడూ హవాయి యువరాణి నాహిఎనాఎనాను తలచుకుంటాను.

హవాయిలో అత్యున్నత వంశంలో పుట్టిన సోదర సోదరీమణుల కలయికను "పిఓ" అనేవారు. వాళ్లకు పుట్టిన బిడ్డ హోదా ఎంత గొప్పదంటే, ఎదురైన జనం నేల మీద పడుకుని మొక్కాలి. రాజు మూడో కమేహమేహా, అతని చెల్లెలు నాహిఎనాఎనా పెళ్లాడాలని పెద్దలు కోరారు. అప్పటికే క్రైస్తవ మిషనరీలు వచ్చేశారు. వాళ్ల తల్లి మరణశయ్య మీద బాప్తిస్మం తీసుకుంది. పాత మతంలో ఏది పరమ పవిత్రమో కొత్త మతంలో అదే మహాపాపం. ఆ రెంటి మధ్య ఒక ఆడపిల్ల. 1834లో అన్నాచెల్లెళ్లు కలిశారు. చర్చి ఆమెను వెలివేసింది. 1835లో ఆమెకు వేరొకరితో పెళ్లి చేశారు. 1836 సెప్టెంబరులో బిడ్డ పుట్టి కొన్ని గంటలే బతికింది. ఆ డిసెంబరు 30న ఆమె మరణించింది. ఆమెను లాహైనాలో తల్లి పక్కన ఉంచారు.

నా నోటుపుస్తకంలో ఆమె పేజీలో గడులన్నీ నిండాయి. తల్లి ఒక్కరే: కెఓపుఓలాని. తండ్రి ఒక్కడే: మొదటి కమేహమేహా. చెప్పినవారు: ఎక్కువగా మిషనరీలు. వరుస: చెల్లెలు. ఆమె రాసుకున్నది: నాకు దొరకలేదు, ఆ గడి కోసం ఇంకా వెతుకుతున్నాను.